పది డిగ్రీలు తప్పినా పర్లేదు, 360 తప్పితేనే తంటా: పాత మిలిటరీ డీజిల్ ట్రక్కులో వాల్వ్ సెట్టింగ్

ఇంజన్ వాల్వుకీ దాన్ని తొక్కే రాకర్ ఆర్ముకీ మధ్య ఉండే సన్నటి గ్యాపుని సరిచేయడమే వాల్వ్ సెట్టింగ్. ఆ మాట అనగానే అందరూ ముందు అడిగేది "ఎన్ని థౌ పెట్టాలి?" అని. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఆ జవాబు మాన్యువల్లో రాసే ఉంటుంది. సన్నటి ఖాళీలు కొలిచే రేకు పట్టీల ఫీలర్ గేజ్ పట్టడం కూడా ఒక పూటలో వచ్చేస్తుంది. చేతులు కాలేది వేరేచోట. ఆ గ్యాప్ కొలిచే సమయానికి లోపల వాల్వులని తెరిపించే క్యామ్ షాఫ్ట్ (ఉబ్బులున్న ఇరుసు) ఏ భంగిమలో ఉందో తెలియకపోతే, ఎంత ఖరీదైన గేజ్ పెట్టి కొలిచినా ఆ అంకెకి అర్థం లేదు. ఈ పని మీద ఉన్న గందరగోళంలో ముప్పాతిక వంతు ఈ ఒక్క ముడి దగ్గరే ఉంది కాబట్టి, తీరిగ్గా దాన్నే విప్పుదాం.

మాట్లాడుకోవడానికి ఒక బండి ఎదురుగా ఉంటే బాగుంటుంది. అమెరికా సైన్యం దశాబ్దాలపాటు వాడిన ఎం35ఏ2 ట్రక్కుని తీసుకుందాం. గతుకుల నేల మీద రెండున్నర టన్నుల బరువు మోసేది కాబట్టి సైనికులు దాన్ని "డ్యూస్ అండ్ ఎ హాఫ్" అని పిలిచేవారు. మూడు ఇరుసులకూ ఇంజన్ లాగుడు అందుతుంది. చాలా బళ్ళలో ఉన్నది ఎల్‌డీటీ-465 ఇంజన్: వరసగా ఆరు సిలిండర్లు, 478 ఘనపుటంగుళాలు అంటే దాదాపు 7.8 లీటర్లు, పైన టర్బో. డీజిల్ దొరక్కపోతే కిరోసినో, విమానాల ఇంధనమో పోసినా నడుస్తుంది. అందుకే మల్టీఫ్యూయల్ అన్నారు. ఆరు సిలిండర్లకీ కలిపి ఒకటే హెడ్ (సిలిండర్ల పై మూత) ఉండదు. మూడేసి సిలిండర్లకు ఒకటి చొప్పున రెండు హెడ్లు, వాటి మీద రెండు కవర్లు. సిలిండర్‌కి రెండు వాల్వులు, మొత్తం పన్నెండు. ఈ లెక్కలో ఇమిడే పాత పుష్ రాడ్ ఇంజన్ ఏదైనా, కింద చెప్పేది దానికీ వర్తిస్తుంది.

అసలు గ్యాప్ ఎందుకు?

క్యామ్ మీద ఉబ్బు ట్యాపెట్‌ని పైకి నెడుతుంది, ట్యాపెట్ పుష్ రాడ్‌ని, పుష్ రాడ్ రాకర్ ఆర్మ్ ఒక చివరని. రాకర్ తూగుడుబల్లలా వాలి, రెండో చివరతో వాల్వ్‌ని కిందికి తొక్కుతుంది. క్యామ్ ఉబ్బు దాటిపోయాక వాల్వ్ స్ప్రింగ్ వాల్వ్‌ని వెనక్కి లాగి సీటు మీద కూర్చోబెడుతుంది. అలా కూర్చున్నప్పుడు రాకర్ కొసకీ వాల్వ్ కాడ పై కొసకీ మధ్య మిగిలే సన్నటి ఖాళీయే మనం సెట్ చేసేది. షెడ్డుల్లో దీన్ని ట్యాపెట్ సెట్టింగ్ అంటారు గానీ, కింద బ్లాకులో ఉన్న ట్యాపెట్‌ని మనం కంటితో కూడా చూడం. పేరు అలా స్థిరపడిపోయింది, వదిలేద్దాం.

ఖాళీ ఎందుకంటే ఇనుము వేడికి పెరుగుతుంది. 100 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.12 మిల్లీమీటరు పొడుగవుతుంది. వినడానికి ఇది పెద్ద లెక్క కాదు. కానీ చల్లని ఇంజన్లో వాల్వుకీ రాకర్‌కీ మధ్య ఏ ఖాళీ లేకుండా పెట్టేస్తే, వేడెక్కాక పెరిగిన వాల్వ్ కాడకి పోవడానికి చోటుండదు. రాకర్‌ని తాకి ఆగిపోతుంది, అవతలి కొస సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిన వాయువుల దారిలో ఉంటుంది కాబట్టి ఎక్కువ పెరుగుతుంది. ఇన్‌టేక్ వాల్వ్‌ని లోపలికొచ్చే గాలి ప్రతిసారీ చల్లబరుస్తుంది. అందుకే ఈ ఇంజన్‌కి చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 10 థౌ, ఎగ్జాస్ట్ 25 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మిల్లీమీటర్లలో ఇవి 0.25, 0.64. మీ ఇంజన్ వేరైతే దాని మాన్యువల్ అంకెలే మీకు ప్రమాణం. ఆ అంకెలు చల్లని ఇంజన్‌కి ఇచ్చినవా వేడి ఇంజన్‌కి ఇచ్చినవా అన్నది తప్పకుండా చూసుకోండి. చల్లగా అంటే గంటసేపు ఆపి ఉంచిన ఇంజన్ కాదు. రాత్రంతా కదలకుండా ఉన్నది.

చప్పుడు చేసేది మంచిది

గ్యాప్ ఎక్కువైతే ఇంజన్ టకటకమంటుంది. వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, ముందే మూసుకుంటుంది, తెరుచుకునే లోతూ తగ్గుతుంది. రాకర్ ప్రతిసారీ సుత్తిలా వచ్చి వాల్వ్ కొసని కొడుతుంది. నష్టమే, కాదనను. కానీ ఆ నష్టం నెమ్మదిగా, అరుచుకుంటూ జరుగుతుంది.

గ్యాప్ తక్కువైతే ఏ చప్పుడూ ఉండదు. ఇంజన్ ముచ్చటగా, మెత్తగా నడుస్తున్నట్టు అనిపిస్తుంది. వాల్వ్‌కి పట్టిన వేడిలో ఎక్కువ భాగం దిగిపోయేది అది సీటుని అంటుకుని కూర్చున్న సమయంలోనే. గ్యాప్ చాలక సరిగా కూర్చోకపోతే వేడి పోవడానికి దారి లేదు. పైగా కాస్త తెరిచిన అంచు సందులోంచి మండే వాయువు దూసుకుపోతుంది. కొన్నాళ్ళకి ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఒకచోట కొరికిన రొట్టెలా తయారవుతుంది. స్పార్క్ ప్లగ్ లేని డీజిల్‌కి కంప్రెషన్ వేడే నిప్పు కాబట్టి, కంప్రెషన్ కారిపోయిన సిలిండర్ చలిపొద్దున స్టార్టింగ్‌లో మొరాయిస్తుంది, తెల్లపొగ వదులుతుంది. అప్పటికి హెడ్ దించడం తప్ప దారి లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వాడగా వాడగా గ్యాప్ పెరుగుతుందనే అనుకుంటారు. రాకర్ కొస, పుష్ రాడ్ గిన్నె, ట్యాపెట్ అడుగు అరిగితే పెరుగుతుంది, నిజమే. కానీ వాల్వ్ సీటు అరిగితే వాల్వ్ హెడ్డులోకి దిగబడుతుంది, దాని కాడ అంతమేరా పైకి లేస్తుంది, గ్యాప్ మూసుకుపోతుంది. రెండు అరుగుదలలూ ఒకేసారి జరుగుతుంటాయి. ఏది గెలుస్తుందో కొలిస్తే గానీ తెలియదు. "చప్పుడు లేదు కదా, సెట్టింగ్ ఎందుకు" అనే మాట అందుకే నాకు నచ్చదు. ఎం35ఏ2లో ఇంకో తమాషా కూడా ఉంది: కొన్ని ఎల్‌డీటీ-465 ఇంజన్ల టర్బో ఈల వేసినట్టు కూస్తుంది. ఆ కూతలో పన్నెండు వాల్వుల చప్పుడూ కలిసిపోతుంది. చెవిని నమ్ముకునే బండి కాదు అది.

ముడి ఇక్కడుంది

ఇది నాలుగు స్ట్రోకుల ఇంజన్. పిస్టన్లు తిప్పే ఇరుసు అయిన క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే ఒకటో సిలిండర్ పిస్టన్ ఆ రెండు చుట్లలో రెండుసార్లు పైకొస్తుంది, రెండుసార్లూ టీడీసీయే, అంటే పిస్టన్ పైకొచ్చి ఆగే చోటే. ఒకసారి కంప్రెషన్ ముగిసి ఇంధనం మండబోయే క్షణం. రెండు వాల్వులూ మూసి ఉంటాయి, రెండు రాకర్లూ వదులుగా ఉంటాయి. ఇంకోసారి ఎగ్జాస్ట్ ముగిసి ఇన్‌టేక్ మొదలయ్యే క్షణం. ఒక వాల్వ్ మూసుకుంటూ, రెండోది తెరుచుకుంటూ, రెండూ కాస్తకాస్త తెరిచే ఉంటాయి. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. పుల్లీ మీది టైమింగ్ మార్కుకి ఈ రెండింటికీ తేడా తెలియదు. రెండుసార్లూ అది సూచిక ఎదురుగా వచ్చి బుద్ధిగా నిలబడుతుంది.

మార్కుని వెంట్రుకవాసి తేడా రాకుండా కలపడానికి పావుగంట కుస్తీ పట్టేవాళ్ళని చూశాను. ఆ శ్రమ అనవసరం. మండే టీడీసీకి అటూ ఇటూ, ఈ తరహా డీజిల్‌లో, వందేసి డిగ్రీల దాకా ఆ సిలిండర్ వాల్వులు రెండూ మూసే ఉంటాయి. క్యామ్ ఉబ్బు దరిదాపుల్లో ఉండదు, ట్యాపెట్ క్యామ్ గుండ్రటి వీపు మీద ఆనుకుని ఉంటుంది. కాబట్టి పది డిగ్రీలు ముందు ఆపినా, పది డిగ్రీలు దాటినా గ్యాప్ మారదు. ఒక్క డిగ్రీ కోసం ప్రాణం పెట్టాల్సిన పని ఇంధనం చిమ్మే ఇంజెక్షన్ పంప్ టైమింగ్. ఆ భయాన్ని జనం ఇక్కడికి మోసుకొస్తారు. అసలు భయపడాల్సిన 360 డిగ్రీల తప్పుని మాత్రం గమనించరు.

మరి ఏ టీడీసీలో ఉన్నామో ఎలా తెలుస్తుంది? ఇంజనే చెబుతుంది, పక్క సిలిండర్ చేత చెప్పిస్తుంది. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-5-3-6-2-4. దాన్ని మధ్యలో విరిచి, 1-5-3 కింద 6-2-4 రాయండి. పైనా కిందా జతలు: ఒకటికి ఆరు, ఐదుకి రెండు, మూడుకి నాలుగు. ఏ జత కలిపినా ఏడే, పాచిక ఎదురుబొదురు ముఖాల్లాగా. జతలోని పిస్టన్లు రెండూ కలిసి పైకొస్తాయి, కలిసి దిగుతాయి. కానీ ఒకటి మండబోతుంటే రెండోది ఓవర్‌ల్యాప్‌లో ఉంటుంది. అందుకని ఒకటో సిలిండర్ సెట్ చేయాలంటే ఒకటోదాన్ని చూడకూడదు, ఆరోదాన్ని చూడాలి. క్రాంక్‌ని మెల్లగా తిప్పుతూ ఆరో సిలిండర్ రాకర్ల మీద చూపు పెట్టండి. ఎగ్జాస్ట్ రాకర్ పైకి లేస్తూ ఉంటుంది. అది ఇంకా పూర్తిగా లేవకముందే ఇన్‌టేక్ రాకర్ కిందికి కదలడం మొదలుపెడుతుంది. ఒకటి లేవడం, రెండోది దిగడం, రెండూ ఒక్క క్షణం ఊగినట్టు కనిపిస్తాయి. అక్కడ ఆపండి. ఒకటో సిలిండర్ రాకర్లని వేళ్ళతో పట్టి కదిపితే టిక్కుటిక్కుమని ఆడతాయి. అదీ మీకు కావలసిన చోటు.

అక్కణ్ణుంచి 120 డిగ్రీలకు ఒకటి చొప్పున వరస వస్తుంది. ఇక్కడే పుల్లీ మీద సుద్దతో సమదూరంలో మూడు గీతలు గీసుకుంటే ఆనవాలుగా ఉంటాయి. రెండో సిలిండర్ ఊగితే ఐదోది సెట్ చేయాలి, నాలుగోది ఊగితే మూడోది, ఒకటోది ఊగితే ఆరోది, ఐదోది ఊగితే రెండోది, మూడోది ఊగితే నాలుగోది. క్రాంక్ రెండు చుట్లు పూర్తి, పన్నెండు వాల్వులూ పూర్తి.

ఇంకా తొందరైన దారి కూడా ఉంది: రెండే రెండు మజిలీలు. ఒకటోది మండే టీడీసీలో ఉన్నప్పుడు 1, 2, 4 సిలిండర్ల ఇన్‌టేక్, 1, 3, 5 సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు మూసి ఉంటాయి. అవి ఆరూ ఒకేసారి సెట్ చేసేయొచ్చు. ఒక చుట్టు తిప్పి ఆరోదాన్ని మండే టీడీసీకి తెస్తే మిగిలిన ఆరూ: 3, 5, 6 ఇన్‌టేక్, 2, 4, 6 ఎగ్జాస్ట్. లెక్క పక్కాగా ఉంటుంది, చేయి తిరిగినవాళ్ళు ఇలాగే చేస్తారు. కొత్త ఇంజన్ దగ్గర నేను మాత్రం ఆరు మజిలీల దారే పడతాను. రెండు మజిలీల పద్ధతిలో మొదటి టీడీసీ పొరబడితే పన్నెండులో చాలావరకు పోతాయి. ఆరు మజిలీల్లో ప్రతి సిలిండర్ దగ్గరా దాని జంట ఊగిందో లేదో చూస్తాం కాబట్టి తప్పు రెండో అడుగులోనే దొరికిపోతుంది.

కవరు తీసే ముందు, తీశాక

ఎం35ఏ2లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు ఇస్తాయి. నెగెటివ్ తీగ విప్పి పక్కన పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, చక్రాలకి దిమ్మలు పెట్టాలి. డ్యాష్‌బోర్డు దగ్గర ఇంజన్ ఆపే లాగుడు పిడిని బయటికి లాగి అలాగే ఉంచండి. తీగలు పీకేసినా డీజిల్‌కి ఇంధనం అందితే, చేత్తో తిప్పినా ఒక్క కొట్టు కొట్టగలదు. ఆ కొట్టు మీ చేతిలో ఉన్న బార్ మీదే పడుతుంది. సైన్యంలో తిరిగిన బండి మీద మట్టి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి కవర్ చుట్టూ శుభ్రం చేశాకే బోల్టులు విప్పాలి. కవర్ తీశాక నూనె కిందికి దిగే రంధ్రాల మీద శుభ్రమైన గుడ్డ పరవండి. చేజారిన నట్టు ఒక్కటి అందులో పడితే ఆ రోజు వాల్వ్ సెట్టింగ్ అక్కడికి సరి, ఇంజన్ అడుగున నూనె ఉండే సంప్ దించే పని మొదలు.

హెడ్ బోల్టులు టార్క్ చేసే (చెప్పిన బిగువుకి మళ్ళీ బిగించే) ఉద్దేశం ఉంటే అది ముందే కానిచ్చేయండి. హెడ్ ఒక పిసరు కిందికి నొక్కుకున్నా గ్యాపులన్నీ మారతాయి.

స్క్రూడ్రైవర్ పట్టేముందు ఇంకో పని. పన్నెండు గ్యాపులూ ఉన్నవి ఉన్నట్టు కొలిచి కాగితం మీద రాయండి. చాలామంది ఇది చేయరు. నేరుగా సెట్టింగ్ స్క్రూని బిగించి ఉంచే లాక్ నట్ వదులు చేసి, ఇంజన్ చెప్పబోయిన కథని చెరిపేస్తారు. ఎగ్జాస్ట్ వరసలో 26, 27, 24, 26, 14, 27 ఉన్నాయనుకోండి. ఐదోది 14. సెట్ చేసి వదిలేస్తే అంకె సరిపోతుంది, కానీ ఆ వాల్వ్ సీటులోకి దిగబడుతూ ఉండొచ్చని ఈ కాగితం చెబుతోంది. కొన్ని వందల మైళ్ళ తర్వాత మళ్ళీ కొలిచినప్పుడు అది ఇంకా మూసుకుపోతే, హెడ్ పనికి మనసు సిద్ధం చేసుకోవాలి. అలాగే ఒకటి 40 వస్తే లాక్ నట్ వదులైందా చూడండి. బిగువుగానే ఉంటే పుష్ రాడ్‌ని వేళ్ళ మధ్య దొర్లించండి. వంగిన రాడ్ తిరుగుతూ వంకర పోతుంది. రాడ్ కూడా తిన్నగానే ఉంటే ఆ రాకర్ ఎంత దిగుతోందో పక్కవాటితో పోల్చండి. తక్కువ దిగుతుంటే క్యామ్ ఉబ్బు, దాన్ని తాకే ట్యాపెట్ అరిగి ఉండొచ్చు.

కొలిచేటప్పుడు ఫీలర్ పట్టీ లాగితే చిన్నగా పట్టి వదలాలి, తోస్తే వంగకుండా వెళ్ళాలి. ఈ "పట్టు" ఒక్కో చేతికి ఒక్కోలా తోస్తుంది. అందుకే 25 థౌకి 24 పట్టీ హాయిగా వెళ్ళాలి, 26 వెళ్ళకూడదు అని పరీక్షించుకుంటే వాదన ఉండదు. పాత ఇంజన్లో ఇంకో మోసం పొంచి ఉంటుంది: రాకర్ కొస వాల్వ్ కాడ వెడల్పున గుంట పడి ఉంటుంది. చదునైన పట్టీ ఆ గుంట మీద వంతెనలా నిలబడిపోతుంది. గేజ్ 10 చూపించినా లోపల నిజమైన ఖాళీ పద్నాలుగో పదిహేనో ఉండొచ్చు. సెట్ చేశాక కూడా ఒక వాల్వ్ ఆగకుండా టకటకమంటుంటే ముందు ఆ రాకర్ కొస మీద వేలు పెట్టి తడమండి.

ఇక లాక్ నట్. సెట్టింగ్ స్క్రూ పుష్ రాడ్ వైపు ఉంటుంది. నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతోపాటు ఒక రవ్వ తిరుగుతుంది. మిల్లీమీటరు పిచ్ ఉన్న స్క్రూ చుట్టులో పదో వంతు తిరిగితే 0.1 మిల్లీమీటరు కదిలినట్టు. రాకర్ వాల్వ్ వైపు చేయి పొడుగ్గా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువ. 0.25 ఉండాల్సిన ఇన్‌టేక్ గ్యాపులో దాదాపు సగం అలా పోతుంది. స్క్రూడ్రైవర్‌తో స్క్రూని కదలకుండా పట్టుకునే నట్ బిగించండి, బిగించాక మళ్ళీ పట్టీ పెట్టి చూడండి. బిగించకముందు వచ్చిన కొలత లెక్కలోకి రాదు.

తప్పు చేస్తే ఏమవుతుంది?

ఇది ఎవరూ విడమరచి చెప్పరు గానీ, నా దృష్టిలో అన్నింటికన్నా పనికొచ్చేది ఇదే. 360 డిగ్రీలు పొరబడి ఓవర్‌ల్యాప్‌లో ఉన్న సిలిండర్‌ని సెట్ చేశారనుకోండి. అప్పుడు క్యామ్ అప్పటికే వాల్వ్‌ని కొంచెం తెరిచి పట్టుకుంది. దాని మీద మీరు 10 థౌ ఖాళీ పెట్టారు. క్యామ్ వీపు మీదికి వచ్చేసరికి ఆ తెరిచిన మేర అంతా గ్యాపుకి కలుస్తుంది. స్టార్ట్ చేయగానే రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు మోత. భయపెడుతుంది గానీ, అడిగి మరీ మీ చేత తప్పు దిద్దించుకుంటుంది. వాల్వ్ తెరిచి ఉండగా సెట్ చేసే ఏ తప్పైనా గ్యాపుని పెంచేదే, తగ్గించేది కాదు.

గ్యాపుని దొంగచాటుగా తగ్గించేవి వేరే రెండు. ఒకటి పైన చెప్పిన లాక్ నట్. రెండోది ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ తారుమారవడం. ఎగ్జాస్ట్‌కి 25 బదులు 10 పెట్టేస్తే ఇంజన్ గట్టిగా ఒక్క మాట కూడా అనదు. ఆ పక్కన 25 పెట్టిన ఇన్‌టేక్ కాస్త టకటకమంటుంది, దాన్ని టర్బో ఈల మింగేస్తుంది. వాల్వులు వరసలో ఒకటి విడిచి ఒకటి ఉంటాయని అనుకోవద్దు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ గొట్టం ఎదురుగా ఉన్నది ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ గొట్టం ఎదురుగా ఉన్నది ఎగ్జాస్ట్. కంటితో ఒక్కోదాన్నీ వెంబడించి, హెడ్ అంచు మీద సుద్దతో రాసుకుని అప్పుడు మొదలుపెట్టండి.

పన్నెండూ అయ్యాక క్రాంక్‌ని మళ్ళీ రెండు చుట్లు తిప్పుతూ అన్నీ మరోసారి కొలవండి. సుద్ద గీతలు అక్కడే ఉంటాయి కాబట్టి మొదటిసారి పట్టిన సమయంలో పావువంతు కూడా పట్టదు. నాకైతే ప్రతిసారీ పన్నెండులో ఒకటో రెండో మళ్ళీ ముట్టుకోవాల్సి వస్తుంది, ఎక్కువసార్లు లాక్ నట్ పుణ్యమే.

గుడ్డలు తీశారో లేదో లెక్కపెట్టుకుని కవర్లు మూయండి. గాస్కెట్ నలిగేలా బిగిస్తే రేకు వంగి అక్కడే నూనె కారుతుంది. బ్యాటరీ తీగ తగిలించి, ఆపే పిడి లాగి ఉంచే కాసేపు స్టార్టర్ తిప్పితే నూనె రాకర్ల దాకా ఎక్కుతుంది. అప్పుడు పిడి లోపలికి తోసి స్టార్ట్ చేయండి. పన్నెండు అంకెల కాగితం మీద ఆ రోజు తేదీ, మైళ్ళ రీడింగ్ వేసి మాన్యువల్లో ఆ పేజీ దగ్గరే పెట్టేయండి. పైన ఉదాహరణలో ఐదోదానిలా తేడాగా ఉన్న అంకె ఏదైనా ఉంటే, దాని కింద మాత్రం ఒక గీత గీయడం మర్చిపోవద్దు.